పదునాలుగు పదునారైన కథ

1982 అక్టోబరు 1వ తేదీన జపాను దేశములో సోనీ సంస్థవారు ఒక క్రొత్త యంత్రమును విక్రయమునకు పెట్టిరి. దాని పేరు సి.డి.పి. 101, వెల 1,68,000 యెన్లు. పండ్రెండు సెంటీమీటర్ల తళతళలాడు పళ్లెము నొకదానిని అందులో నుంచినచో చాలును. సూది లేదు, రాపిడి లేదు. సన్నని కాంతిరేఖయే పళ్లెము మీది గుంటలను చదువును, సంగీతము వినవచ్చును. మరుసటి యేడు ఐరోపా దుకాణములకు ఫిలిప్స్ సంస్థవారి సి.డి. 100 వచ్చెను. రెండు సంస్థలును కలసి కూర్చుండి నిర్ణయించిన పళ్లెమే రెండు యంత్రములలోను తిరుగును. ఆ పళ్లెము మీద ప్రతి అంకెయు 16 బిట్టులది. సోనీ యంత్రములో అంకెను విద్యుత్తుగా మార్చు భాగము, అనగా నేడు మనము ‘డాక్’ అని పిలుచునది, 16 బిట్టులదే. ఫిలిప్స్ యంత్రములోనిది మాత్రము 14 బిట్టులది.

మానెడు బియ్యము తవ్వలో పట్టునా అని ఇంటి ఇల్లాలైనను అడుగును. పట్టదు. అయినను ఆ 14 బిట్టుల యంత్రము 16 బిట్టుల యంత్రమునకు తీసిపోలేదు. పలువురు విమర్శకులు దాని పలుకే మృదువుగా నున్నదనిరి. ఇది ఎట్లు సాధ్యమైనదో తెలిసికొన్నచో, నేడు కొందరు సంగీతప్రియులు ఇంటి కంప్యూటరుతో చేయుచున్న అప్‌శాంప్లింగు అను ప్రయోగము యొక్క మూలము తెలిసినట్లే. దానికి ఖర్చు పెట్టదగునా, ఎంత ఆశ పెట్టుకొనదగును అను ప్రశ్నకును ఆ కథలోనే చాలవరకు సమాధానము కలదు.

ధ్వని అనగా గాలి ఒత్తిడిలోని ఎగుడుదిగుడు. మైక్రోఫోను దానిని విద్యుత్తులోని ఎగుడుదిగుడుగా మార్చును. ఆ విద్యుత్తును నియతకాలమున కొకసారి కొలిచి, కొలతను అంకెగా వ్రాసికొనుటయే డిజిటల్ ముద్రణము. ఒక్కొక్క కొలతకు నమూనా అని పేరు. ఇచ్చట ఎవరికైనను ఒక సందేహము కలుగును: ఒక కొలతకును మరియొక కొలతకును నడుమ జరిగినదంతయు పోయినట్లే గదా? పోలేదు. స్వీడను దేశమున పుట్టి అమెరికాలో టెలిఫోను సంస్థలో పనిచేసిన హారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫు సంకేతములను గూర్చి వ్రాసిన వ్యాసములో దీనికి బీజము వేసెను. రష్యా దేశీయుడు కొటెల్నికోవ్ 1933లోను, అమెరికనుడు క్లాడ్ షానన్ 1949లోను దానిని స్పష్టమైన సిద్ధాంతముగా నిరూపించిరి. సెకనుకు మనము తీయు నమూనాల సంఖ్యలో సగమునకు లోబడిన కంపనములు మాత్రమే ఆ ధ్వనిలో ఉన్నచో, ఆ బిందువుల గుండా పోగల వక్రరేఖ ఒక్కటే. రెండవది లేదు. కనుక బిందువులు దొరికినచో రేఖ దొరికినట్లే. సి.డి. సంగీతము మెట్లు మెట్లుగా నుండునని పటములు గీసి చూపువారు ఈ సంగతిని మరచుచున్నారు. మెట్లుండునది మార్గమధ్యమున, వడపోత సరిగా జరిగిన పిదప అవి మిగులవు.

అంకెలలో మాటను పంపవచ్చునను ఊహ అలెక్ రీవ్స్ అను ఆంగ్ల ఇంజనీరునకు 1937లో, ఆయన పారిస్ నగరమున టెలిఫోను పరిశోధనాలయములో పనిచేయుచుండగా కలిగినది. వాల్వుల కాలములో ఆ ఊహ విస్తృతముగా వాడుకలోనికి రాలేదు. ట్రాన్సిస్టరులు వచ్చిన పిమ్మట 1962లో అమెరికా టెలిఫోను తీగలలో సెకనుకు 8,000 నమూనాల చొప్పున సంభాషణలు పరుగెత్తినవి. 1967లో జపాను ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. వారి పరిశోధనాలయము సంగీతమునకు తగిన ముద్రణయంత్రమును ప్రదర్శించెను. 1972లో బి.బి.సి. వారు లండను నుండి దూరప్రాంతముల ప్రసారిణులకు తమ కార్యక్రమములను 13 బిట్టుల అంకెలుగా, సెకనుకు 32,000 నమూనాల చొప్పున పంపనారంభించిరి. కనుక అచ్చటి రేడియో శ్రోత ఇంటిలో సి.డి. అను మాటయే వినని దినములలో, తనకు తెలియకయే, అంకెలలో ప్రయాణము చేసివచ్చిన సంగీతమును వినుచుండెను. డిజిటల్ ధ్వని మొదట సామాన్యుని తలుపు తట్టినది రేడియో చేతితోనే అని చెప్పుకొనుటలో మాకు కొంత గర్వము లేకపోలేదు.

పళ్లెమునకు సెకనుకు 44,100 నమూనాలు ఏల? ఈ వింత సంఖ్య సంగీతము నుండి రాలేదు, టెలివిజను నుండి వచ్చినది. అన్ని అంకెలను పట్టగల సాధనము ఆ కాలమున వీడియో టేపు ఒక్కటే. సెకనుకు 60 క్షేత్రములు గల టెలివిజనులో క్షేత్రమునకు 245 గీతలు, గీతకు 3 నమూనాలు: మొత్తము 44,100. సెకనుకు 50 క్షేత్రములు గల పద్ధతిలో 294 గీతలు, 3 నమూనాలు: మరల 44,100. రెండు ఖండముల యంత్రములకును కుదిరిన సంఖ్య గనుక అది నిలిచిపోయెను.

ఇక చిక్కు ఎచ్చట? నమూనాలను తిరిగి విద్యుత్తుగా మార్చునపుడు అసలు ధ్వనితోపాటు దాని ప్రతిబింబములును పుట్టును. 20,000 హెర్ట్జ్‌ల నాదము ఉన్నచో, 44,100 నుండి దానిని తీసివేయగా వచ్చు 24,100 హెర్ట్జ్‌ల వద్ద ఒక దయ్యపు జంట లేచును. మన చెవికి అది వినబడదు. కాని ఆంప్లిఫయరులోనికి పోయి అచ్చటి లోపములతో కలసి వినబడు కల్మషమును పుట్టింపగలదు. కనుక 20,000 వరకు చెక్కుచెదరక పోనిచ్చి, 24,100 వద్ద గోడవలె అడ్డుపడు ఫిల్టరు కావలెను. ఈ రెంటి నడుమనున్న దూరమెంత? సంగీతము తెలిసినవారికి సులభముగా చెప్పవచ్చును: షడ్జమునకును సాధారణ గాంధారమునకును ఉన్నంత. ఆ ఇరుకు సందులో నిటారు గోడ కట్టవలెను.

తొలి సోనీ యంత్రము ఆ గోడను కండెన్సరులు మొదలైన విద్యుద్భాగములతోనే కట్టెను. అట్టి ఫిల్టరులో ప్రతి భాగమును కచ్చితముగా నుండవలెను. వేడికి, వయస్సునకు విలువ మారరాదు. పైగా నిటారు ఫిల్టరు ఉచ్చస్థాయి కంపనములను మందరస్థాయి వానికన్న ఆలస్యముగా పంపును. ఆ యంత్రములో ఎడమ కుడి భాగములకు రెంటికిని ఒకే డాక్ వంతులవారీగా పనిచేయుటచే రెండు చెవుల సంగీతమునకు సెకనులో లక్షవ వంతు పాటి ఎడము కూడ ఉండెడిది. ఆ కాలములో ధ్వని గాలిలో పోవు దూరము నాలుగు మిల్లీమీటర్లు. శ్రోత తల కొంచెము త్రిప్పినను అంతకు మించిన తేడా వచ్చును గనుక దానిని పెద్ద లోపముగా మేమెంచుట లేదు. అయినను తొలినాటి సి.డి. ధ్వని కరకుగా నున్నదను ఫిర్యాదులో ఈ ఫిల్టరులకు కొంత పాలుండెను. ముద్రణశాలలలోని తొలి డిజిటల్ యంత్రముల పాలు ఎంతయో విడదీసి చెప్పుట కష్టము.

హాలెండు దేశమున ఐండ్‌హోవెన్ నగరములోని ఫిలిప్స్‌వారి ఇబ్బంది వేరు. రూడీ వాన్ డె ప్లాస్షె అను ఇంజనీరు ఒకే సిలికాను ముక్కపై 14 బిట్టుల కచ్చితత్వము నిచ్చు డాక్‌ను సాధించి యుండెను. దాని పేరు టి.డి.ఎ. 1540. ఆ ధైర్యముతోనే వారు పళ్లెము కూడ 14 బిట్టులదిగా నుండవలెనని కోరిరి. సోనీవారు 16 కావలెనని పట్టుబట్టి గెలిచిరి. ఒప్పందము కుదిరినది, చేతిలోనున్న డాక్ రెండు బిట్టులు తక్కువైనది. ఈ ఇరకాటము నుండి తప్పించుకొనుటకు వారు చేసిన ఉపాయమును హూడ్‌హార్ట్, వాన్ డె ప్లాస్షె, స్టిక్‌ఫోర్ట్ అను మువ్వురు 1982లో ఫిలిప్స్‌వారి సాంకేతిక పత్రికలో వివరించిరి. సాంకేతిక చరిత్రలో లేమి నుండి పుట్టిన చక్కని ఉపాయములలో ఇది యొకటి అని మా అభిప్రాయము.

ఉపాయములో మొదటి భాగమిది. సెకనుకు 44,100 అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా డాక్‌నకు ఇయ్యక, ప్రతి రెండు అంకెల నడుమ మూడు క్రొత్త అంకెలను లెక్క కట్టి చేర్చిరి. అప్పుడు సెకనుకు 1,76,400 అంకెలగును. క్రొత్త అంకెలు ఊహాజనితములు కావు. ఇరుగుపొరుగునున్న 24 నమూనాలను తీసికొని, ముందుగా నిర్ణయించి చిప్పులో వ్రాసియుంచిన 96 గుణకములలో తగిన వానితో గుణించి కూడిక చేయగా ఒక్కొక్కటియు వచ్చును. ఈ గుణకారము చేయు చిప్పు పేరు ఎస్.ఎ.ఎ. 7030. ఈ లెక్కయే వడపోత. 24,100 హెర్ట్జ్‌ల వద్దనుండు దయ్యము అంకెలలోనే అణగారిపోవును. తరువాతి ప్రతిబింబములు 1,56,400 హెర్ట్జ్‌లకు పైననే ఉండును. అంత దూరముననున్న దానిని ఆపుటకు నిటారు గోడ అక్కరలేదు. వాలుగా నుండు సాదా ఫిల్టరు చాలును. చేతిపనివాని నైపుణ్యముపై, కండెన్సరు వయస్సుపై ఆధారపడిన పని అంకగణితమునకు అప్పగింపబడినది. ఆ గుణకములు వేడికి మారవు, ఏ రెండు యంత్రములలోను వేరుగా నుండవు.

ఉన్న విలువల నడుమ లేని విలువను కట్టుట మన జ్యోతిర్గణితమునకు క్రొత్త కాదు. 665వ సంవత్సరమున బ్రహ్మగుప్తుడు ‘ఖండఖాద్యకము’లో పదునైదేసి డిగ్రీల ఎడముతోనున్న జ్యాపట్టికను ఇచ్చి, నడిమి విలువలకు ప్రక్కనున్న భేదములను మాత్రమే గాక ఆ భేదముల భేదమును కూడ గణనలోనికి తెచ్చు సూత్రమును చెప్పెను. ఐండ్‌హోవెన్‌వారు ఆయనను చదివిరని మా భావము కాదు. పని స్వభావము ఒక్కటే అని మాత్రము చెప్పవచ్చును. ఆ సూత్రముచే గ్రహస్థానము సూక్ష్మముగా తెలియును గాని, ఆకాశములో లేని గ్రహము పుట్టదు. అప్‌శాంప్లింగును గూర్చి ప్రకటనలు చదువునపుడు ఈ మాటను జ్ఞాపకముంచుకొనుట మంచిది.

రెండవ భాగము ఇంకను సొగసైనది. 16 బిట్టుల అంకెను 14కు కుదించునపుడు ప్రతిసారి చిల్లర మిగులును. ఆ చిల్లరను పారవేసినచో అదియే రొదగా వినబడును. అంకెలు నాలుగింతలైనవి గనుక ఆ రొద కూడ నాలుగింతల విశాలమైన ప్రదేశమున పరచుకొనును. మన చెవికి అందు భాగము నాలుగవ వంతు మాత్రమే. దీనివలన 6 డెసిబెల్‌లు, అనగా ఒక బిట్టు, లాభము. మిగిలిన దానికి వారు చిల్లర కొట్టు పద్ధతి నవలంబించిరి. కొట్టువానియొద్ద చిల్లర లేనపుడు తిరిగి ఇయ్యవలసిన పైసలను పద్దులో వ్రాసికొని మరుసటి బేరములో సరిచేయును. ఏ ఒక్క బేరమును కచ్చితము కాదు. కాని దినాంతమున ఖాతా సరిపోవును. అట్లే చిప్పు తాను కుదించిన చిల్లరను తరువాతి అంకెతో చేర్చును. నిదానముగా మారు కంపనములలో, అనగా మనము వినువానిలో, లెక్క సరిపోవును. రొద చెవికందని ఉచ్చస్థాయికి నెట్టబడును. దీనివలన మరియొక 7 డెసిబెల్‌లు లభించినవి. 14 బిట్టులకు సహజమైన సుమారు 84 డెసిబెల్‌ల నిర్మలత 97 వరకు పెరిగినది. 16 బిట్టులవారికి దక్కునదియు అంతే. తవ్వలో మానెడు బియ్యము పట్టినది. ఒక్కసారిగా గాక నాలుగు సారులు కొలుచుటచే.

ఈ చిల్లర లెక్క ఫిలిప్స్‌వారి స్వంత సృష్టి కాదు. అమెరికాలో కట్లరు అను ఇంజనీరు 1950లలోనే ఇట్టి ఊహకు పేటెంటు కోరుచు దరఖాస్తు పెట్టెను. 1962లో టోక్యో విశ్వవిద్యాలయమున ఇనోసే, యసుదాలు దానిని డెల్టా సిగ్మా అను రూపమునకు తెచ్చిరి. 1985 నాటికి ఫిలిప్స్‌వారికే 16 బిట్టుల డాక్ సిద్ధమైనది. అయినను వారు నాలుగింతల వడపోతను వదలలేదు. 1980ల చివర ఆ మార్గమున మరింత ముందునకు పోయి, అంకెలను వందల రెట్లు పెంచి ఒక్క బిట్టుతోనే పలికించు చిప్పులు వచ్చినవి. నేడు మన చేతి ఫోనులలో పాడుచున్నవి చాలవరకు ఆ వంశమువే.

అట్లైన యెడల డాక్‌లోనే వడపోత ఉండగా కంప్యూటరుతో మరల పెంచుట ఏల? ఇది న్యాయమైన ప్రశ్న. చిప్పులోని గణితశక్తి పరిమితము. గుణకారములను మిగుల్చుటకై చాల చిప్పులు అర్ధపట్టీ ఫిల్టరు అను పొదుపైన రూపమును వాడుచున్నవి. అది 22,050 హెర్ట్జ్‌ల వద్ద ధ్వనిని సగమునకే తగ్గించును. 24,000 దాటిన పిమ్మటనే పూర్తిగా మూయును. అనగా గోడ కొంచెము ఆవల కట్టబడినది, సందులో దయ్యపు తోక కనబడును. ఇంటి కంప్యూటరునకు అట్టి దారిద్ర్యము లేదు. 1991 నుండి వెలయే లేక లభించుచున్న ‘సాక్స్’ వంటి ప్రోగ్రాములు కూడ పొడవైన ఫిల్టరుతో, అతి సూక్ష్మమైన లెక్కతో, 44,100ను 3,52,800గా పెంచి ఇయ్యగలవు. అప్పుడు డాక్‌లోని పొదుపు ఫిల్టరునకు చేయవలసిన కష్టమైన పని మిగులదు. దీనినే పరాకాష్ఠకు తీసికొనిపోయి 2018లో ఇంగ్లండులోని కార్డ్ సంస్థవారు 10,15,808 గుణకములు గల ప్రత్యేక యంత్రమును విడుదల చేసిరి. తొంబదియారు ఎక్కడ, పది లక్షలు ఎక్కడ! సిద్ధాంతము కోరు సంపూర్ణ ఫిల్టరు అనంతమైన పొడవు గలది గనుక పొడవు పెరిగినకొలది దానిని సమీపించుచున్నామను వాదము గణితరీత్యా సత్యమే. ఆ వాదము చెవిరీత్యా ఎంతవరకు చెల్లునో వేరుగా విచారింపవలెను.

ఫిల్టరు రూపమును గూర్చిన వివాదము మరియొకటి కలదు. సౌష్ఠవము గల ఫిల్టరు అన్ని కంపనములను సమానమైన ఆలస్యముతో పంపును. కాని ఒక్క ఆకస్మికమైన దెబ్బను దానిలోనికి పంపినచో దెబ్బకు పిమ్మటనే గాక ముందును సన్నని అలలు కనబడును. మృదంగముపై చేయి పడకముందే నాదము పుట్టుట ప్రకృతిలో లేదు గదా అని ఆక్షేపణ. కనిష్ఠ ఆలస్యపు ఫిల్టరు ఆ అలలనన్నిటిని దెబ్బకు వెనుకకు త్రోయును. దానికి మూల్యముగా ఉచ్చకంపనములు కొంచెము ఆలసించును. 2004లో పీటరు క్రేవెన్ అను ఆంగ్లేయుడు, వాలుగా ముగియు ఫిల్టరును చివర నుంచినచో ముద్రణ సమయమున పడిన అలలను కూడ అణచవచ్చునని చూపెను. ఆ వ్యాసము తరువాత కొన్ని ఖరీదైన యంత్రములు ఆ దారి పట్టినవి. అయినను ఒక సంగతి. ఆ అలలు 22,000 హెర్ట్జ్‌ల సమీపమున నుండును. ఆ ప్రాంతమున సంగీతమే లేనిచో అలలును లేవు. పటములో చూచినవారు భయపడినంతగా వినినవారు భయపడనక్కరలేదని మా తలంపు.

ఇక చెవి మాట. 2007లో మేయర్, మోరన్ అనువారు సూక్ష్మమైన హెచ్చు కొలత ముద్రణలను ఒకసారి నేరుగాను, ఒకసారి సి.డి. ప్రమాణపు అంకెల గుండా పంపియు వినిపించి, ఏది యేదియో చెప్పుమనిరి. 554 ప్రయత్నములలో సరియైన సమాధానములు 276. అనగా నాణెము ఎగురవేసి చెప్పినదానితో సమానము. 2016లో లండనులోని జాషువా రైస్ అట్టి 18 పరీక్షల ఫలితములను, మొత్తము 12,500 పైగా ప్రయత్నములను, కలిపి లెక్కించి 52.3 శాతము సరియైన సమాధానములు వచ్చినవని తేల్చెను. తేడా ఉన్నది, కాని అతిస్వల్పము. శిక్షణ పొందిన శ్రోతలలో కొంత హెచ్చు. ఇవి నేరుగా వడపోతలను పోల్చిన పరీక్షలు కావు. అయినను సి.డి. ప్రమాణపు ఫిల్టరు పూర్తిగా మార్గమున నిలిచినప్పుడే ఇంత తక్కువ తేడా ఉన్నదన్నచో, ఒక మంచి ఫిల్టరునకును మరియొక మంచి ఫిల్టరునకును నడుమ అంతకన్న పెద్ద అంతరము నాశింపరాదు.

మేమును ఒకనాటి సాయంకాలము మిత్రులతో కూర్చుండి ఒక వయొలిన్ కచేరీ సి.డి.ని రెండు విధములుగా వింటిమి. కంప్యూటరుతో పెంచిన దానిలో కమాను స్పర్శ మరింత స్పష్టముగా నున్నదని అందరమును ఏకాభిప్రాయమునకు వచ్చితిమి. మరునాడు వోల్టుమీటరుతో కొలువగా, ఆ మార్గమున ధ్వని రవంత బిగ్గరగా వచ్చుచున్నదని తేలినది. స్వల్పమైన హెచ్చు బిగ్గరతనముగా గాక, మేలుగా తోచుట మానవసహజము. స్థాయిలను సమానము చేసి, ఏది మ్రోగుచున్నదో చెప్పక మరల వినిపించిన పిమ్మట మాలో ముగ్గురము మాట మార్చితిమి. ఒకరు మార్చలేదు, పలుమార్లు సరిగానే చెప్పిరి. ఆయన చెవిని మేము గౌరవించుచున్నాము.

అందుచేత ఈ ప్రయోగమునకు వేలకు వేలు ధారపోయవలసినది లేదు. ఇంటనున్న కంప్యూటరుతో వెల లేక చేసి చూచుటకు అభ్యంతరమును లేదు. పాత గ్రామఫోను రికార్డుల నుండి, అరిగిన టేపుల నుండి సి.డి.గా వచ్చిన మన పాటలలో పోయిన స్వరభాగమును మాత్రము ఏ గుణకమును తిరిగి తేలేదు.

చేసి చూచువారు రెండు జాగ్రత్తలు తీసికొనవలెను. సి.డి. సంగీతమును 88,200, 1,76,400, 3,52,800 అను గుణిజములకే పెంచవలెను. అనేక కంప్యూటరులు అడుగకయే సర్వమును 48,000కు మార్చుచుండును. ఆ నిష్పత్తి 147కు 160 వంటి చిక్కు సంఖ్య. అది సరిగా చేసినచో దోషము లేదు గాని, తొందరలో చేయు ప్రోగ్రాములు కలవు.

రెండవది మరింత ముఖ్యము. 1990ల నుండి చాల పళ్లెములు వీలైనంత బిగ్గరగా, అంకెల గరిష్ఠస్థాయిని తాకునట్లు ముద్రింపబడుచున్నవి. నమూనాలు గరిష్ఠము వద్ద నున్నను వాని నడుమ పోవు అసలు వక్రరేఖ శిఖరము అంతకన్న పైన నుండవచ్చును. 11,025 హెర్ట్జ్‌ల నాదమును నమూనాలు శిఖరమునకు ఇరుప్రక్కల సమానదూరమున తాకునట్లు తీసికొన్నచో ఆ హెచ్చు 3 డెసిబెల్‌లు. నడిమి అంకెను కట్టు ఫిల్టరునకు ఆ శిఖరము వ్రాయుటకు చోటు చాలక దానిని కోసివేయును. అప్పుడు మేలు చేయబోయి కీడు చేసినట్లగును. కనుక పెంచుటకు ముందే ప్రోగ్రాములో ధ్వనిస్థాయిని 3 లేక 4 డెసిబెల్‌లు తగ్గించి, ఆ తక్కువను ఆంప్లిఫయరు మీట వద్ద పూరించుకొనవలెను.